రెండు ఊళ్ళ చేంతాటివాళ్ళు

కోవిల్‌పట్టిలో మా ముందుగదిలో ఆ ఆదివారం ఉన్నవాళ్ళు: నాయన, అమ్మ, అవ్వ, నేను, తలుపు వెనక అక్క. విరుదునగర్ నుంచి పెళ్ళికొడుకు, వాళ్ళ పెదనాన్న. ఉన్నవి: నాలుగు మడత కుర్చీలు, ఎవరూ ముట్టని తాంబూలం పళ్ళెం, గ్రాఫు కాగితం మీద నేను గీసిన వంశవృక్షం.

తొంభైల చివర అది. నేను పాలిటెక్నిక్‌లో చదువుతున్నాను. సంబంధాలు వచ్చినప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళిపోయే అక్క ఈ అబ్బాయికి మాత్రం తనంతట తాను సరేనంది. సంబంధం తెచ్చినాయన తమిళుడు. మా తెలుగువాళ్ళలో ముందు ఇంటిపేరు అడగాలని ఆయనకు తెలియదు. బడి కాగితాల్లో మాకు ఇనిషియల్ తప్ప ఇంటిపేరు ఉండదు. అన్నీ మాట్లాడుకున్నాక తెలిసింది, మాదీ వాళ్ళదీ ఒకటే: చేంతాటి. మా చుట్టుపక్కల ఇంకెవరికీ ఉందని మేము వినని పేరు. ఒకే ఇంటిపేరంటే అన్నదమ్ముల వరస. పెళ్ళి కుదరదు.

రెండిళ్ళూ ఎక్కడైనా కలుస్తాయేమో చూడ్డానికి గీసిన నా కాగితంలో ఐదు తరాలు, ఇరవైమూడు పేర్లు. వాళ్ళు రాసుకొచ్చిన జాబితాతో ఒక్కటీ కలవలేదు.

"ఆపైన కలిసుంటే?" అన్నాడు పెదనాన్న.

అవ్వ కాగితం చదవమంది. అంతా విని, "ఏమిరా, ఆడోళ్ళు యాడ?" అంది.

"ఇంటిపేరు మగవాళ్ళతోనే గదా అవ్వా వచ్చేది."

"ఆమా, నిజమే, మిమ్మల్నంతా మీ అబ్బలే కన్నారు పాపం! మీ తాత మేనత్తను ఒట్టపిడారం పక్క చేంతాటోళ్ళకే ఇచ్చినారు. తొలికాన్పులోనే పాయె. రాకపోకలూ నిలిచిపాయె."

పెదనాన్న కుర్చీలో ముందుకు జరిగాడు. "మా సొంతూరు అదే అమ్మా. మా నాయనను కని పోయిందంట మా అవ్వ. ఎడంచేతి మీద తేలు పచ్చబొట్టు..."

"ఆమెనే. ఆ పచ్చబొట్టు సంగతి మా అత్త చెప్పేది. పంగాళి ఇంటికి, అన్నదమ్ములోళ్ళ ఇంటికి, ఎవురన్నా పిల్లనిస్తారా అప్పా? కరిసల్ కాడు, నల్లరేగడి నేల, బావులు లోతు. ఊరికొక పెద్ద చేంతాడు, దాన్ని కాచేదానికొక ఇల్లు. ఊరు వేరే, తాడు వేరే. పేరు మాత్రం ఒగటి."

"ముందే చెప్పకూడదా అమ్మా?" అన్నాడు నాయన.

"నన్ను ఎవురడిగినారు?"

తలుపు వెనక గాజుల చప్పుడు. పెదనాన్న తాంబూలం పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు.

మర్నాటి నుంచి అవ్వ పక్కన కూర్చుని, ఆమె చెప్పినట్టల్లా ఆడవాళ్ళను ఎర్ర సిరాతో చేర్చాను. ఎవరు ఏ ఇంటినుంచి వచ్చారో, ఏ ఇంటికి వెళ్ళారో. అక్క గీత ఒక చేంతాటి ఇంట్లో మొదలై ఇంకో చేంతాటి ఇంట్లో ఆగింది.

పెళ్ళినాటికి ఆ కాగితం మీద మగవాళ్ళు ఇరవైమూడు, ఆడవాళ్ళు ఇరవైతొమ్మిది.