రాజబాబు సారు పేపరు

బిందుమాధవి ప్రశ్న పూర్తిగా చదవదు. అనకాపల్లి కోచింగ్ సెంటర్లో మాక్ టెస్టు మొదలవగానే జడ కొస పళ్ల మధ్య పెట్టుకుని, చూపుడువేలు నేరుగా జవాబుల మీదికి పోనిస్తుంది. ప్రతి వారం పేపరు తయారుచేసేది రాజబాబు సారే. సరైన జవాబు మిగతావాటికన్నా కాస్త పొడుగ్గా రాయడం ఆయన అలవాటు. కష్టపడే పిల్ల అంటారందరూ. నిజమే, ఆ కష్టంలో సగం సారుని చదవడానికే పోయింది. అందుకే ఎప్పుడూ ఫస్టు. సెంటర్ ముందు ఫ్లెక్సీలో కూతురి బొమ్మ చూసి, కోటవురట్ల నుంచి వచ్చిన బిందు తండ్రి, చెరకు రైతు పరదేశి, "మా పాప డాక్టరైపోయినట్టే" అన్నాడు.

నీట్ ఇంకో వారం ఉందనగా, పక్క బెంచీ పద్మకుమారి విశాఖ నుంచి వేరే సెంటర్ పేపరు తెచ్చింది. బిందు వేలు జవాబుల మీద అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది.

"ఏటే ఫస్టు ర్యాంకూ, సదవడం మర్సిపోయేవేటి?"

"మన సారు ఇలాగ ఇవ్వరే!"

"నీట్ పేపరు మన సారే ఇత్తారేటే?" పద్మకుమారి పడీపడీ నవ్వింది. బిందు మళ్లీ జడ కొస పళ్ల మధ్య పెట్టుకుంది.

నీట్ పరీక్ష హాల్లో బిందు పేపరు సీలు విప్పింది. వేలు తనంతట తనే జవాబుల మీదికి వెళ్లింది. నాలుగూ ఒకే పొడుగున ఉన్నాయి.