గ్లవ్ పారేసిన సెకండ్ బేస్‌మ్యాన్

టీ కప్పు రెండు చేతులతో ఎందుకు పట్టుకున్నానా అని చూస్తున్నారు కదా. అరచేతులు రెండూ వాచిపోయాయి. నిన్న మా టార్నీట్ పేట బేస్‌బాల్ టీమ్‌కి కప్పు తెచ్చింది ఈ చేతులే, కాస్త గౌరవంగా చూడండి.

నలభై నాలుగేళ్ళకి బేస్‌బాల్ ఏంటంటారా? మా అమ్మాయి నిత్య జూనియర్స్‌లో ఆడుతుంది. దాన్ని దింపడానికి వెళ్ళి, పెద్దవాళ్ళ టీమ్‌లో ఒకరు తక్కువైతే దూరాను. మనది ఒంగోలు గల్లీ క్రికెట్, టెన్నిస్ బాల్‌తో. బ్యాటింగ్‌కి ఢోకా లేదు. సీజనంతా మ్యాచ్‌కొక హిట్, పాలప్యాకెట్ వచ్చినట్టు. బంతి గ్రౌండ్ దాటిందీ లేదు, నేను ఉత్తచేతులతో తిరిగొచ్చిందీ లేదు.

బాధంతా ఫీల్డింగ్‌తోనే. నన్ను సెకండ్ బేస్ దగ్గర నిలబెట్టారు. ఎడం చేతికి చాటంత తోలు గ్లవ్. అందులో పడ్డ బంతి పడ్డట్టే బయటికి దూకేది. నిన్న ఫైనల్‌కి ముందు కోచ్ గ్రెగ్ నా భుజమ్మీద చెయ్యేసి, "మేట్, నీ బ్యాటింగ్ సూపర్. కానీ ఇంకొక్క క్యాచ్ వదిలావంటే నెక్స్ట్ సీజన్ నువ్వు బార్బెక్యూ పొయ్యి దగ్గర సాసేజ్‌లు కాల్చుకోవడమే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నేను గ్లవ్ పట్టీ ఇంకాస్త బిగించుకున్నాను.

ఆఖరి ఇన్నింగ్స్. మేం ఒక్క రన్ ముందున్నాం. ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే కప్పు మాదే. బ్యాటర్ కొట్టాడు, బంతి నిట్టనిలువునా లేచింది. సరిగ్గా నా నెత్తి మీదికే.

"నాన్నా, యూజ్ ద గ్లవ్!" నిత్య అరుస్తోంది. నాకు వినపడుతోంది కూడా. కానీ చేతులు వింటేనా? ముప్పై ఏళ్ళ అలవాటు. గ్లవ్ పీకి అవతల పారేసి, దోసిలి పట్టాను. ఇది టెన్నిస్ బాల్ కాదని చేతిలో పడ్డాకే గుర్తొచ్చింది. ప్రాణం పోయినంత పనైంది గానీ బంతి మాత్రం పోలేదు.

టీమంతా కలిసి నన్ను ఎత్తేశారు. గ్రెగ్ గ్లవ్ ఏరుకొచ్చి, "సెకండ్ బేస్ ఈజ్ యువర్స్, మేట్. ఇది మాత్రం మా కుక్కకిచ్చేస్తా" అన్నాడు. ఆ మాటకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతుల మంట వల్లేనని చెప్పుకున్నాను.

ఇంటికొచ్చి చూస్తే వేళ్ళు ముడుచుకోవు. చాంపియన్‌గారికి మా ఆవిడే గోంగూరన్నం కలిపి తినిపించింది. కప్పు ఎదురుగా పెట్టుకుని, క్యాచ్ కథ మూడోసారి చెప్తుంటే, ముద్ద నోట్లోంచి జారి చొక్కా మీద పడింది.

నిత్య ఫోన్లోంచి తలెత్తకుండానే, "యూ డ్రాప్డ్ ఇట్, నాన్నా" అంది.