గట్కతో అంటించిన పుట

మా యారాలు పోయింది. పోయిన గురువారం పొద్దున నేను బోరింగు దగ్గర రెండో బిందె నింపుతుంటే మందిరం గంట మోగింది. ఆదివారం కాని రోజు గంట మోగిందంటే మా ఊళ్ళో ఎవరో పోయినట్టే. ఎవరని నేను అడగలేదు. బిందె అక్కడే వదిలేసి ఇంటికి ఉరికాను.

యారాలంటే తోటికోడలు, మా ఆయన అన్న భార్య. పాతికేళ్ళు ఇద్దరం ఒకే వాకిలి ఊడ్చాం. ఆమెను సాగనంపడానికి పెద్దేముల్ నుంచి, తాండూరు నుంచి, పేరు తెలియని ఊళ్ళ నుంచి జనం వచ్చారు. బండల గని ముంషీ సాబు సైకిలు దిగి, టోపీ సర్దుకొని, “ఎవరికి ఏం పరేషాన్ ఉన్నా ఆమెకే చెప్పుకుంటుండె” అన్నాడు. నేను ఏడుస్తూనే, నేను పోయిన రోజు ఇందులో సగం మందైనా వస్తారా అని చూసుకున్నాను. శవం పక్కన కూర్చొని ఇదేం బుద్ధి అని మీరు అనుకోవచ్చు. ఆమె బతికున్నన్నాళ్ళూ నేను చేసిన పని అదే. ఒక్క పూటలో ఎలా మానేస్తాను?

మంచి మాటలు మిగతావాళ్ళు చాలా చెప్పారు. నేను ఆమెను చూసి కుళ్ళుకున్నదాన్ని. నాకు తెలిసిన సంగతులు వాళ్ళకు తెలియవు కాబట్టి రాస్తున్నాను.

ఆమె వికారాబాదు బోర్డింగు బళ్ళో ఏడో తరగతి దాకా చదివింది. కాపురానికి వచ్చినప్పుడు ఆకుపచ్చ రేకు పెట్టె తెచ్చుకుంది. మూత లోపల తెల్ల రంగుతో ఆమె పేరు రాసి ఉండేది. తరువాత నేను నవాబుపేట వైపు నుంచి బట్టల మూటతో వచ్చాను. ఇంటికి ఎవరు వచ్చినా మా అత్త ఆ పెట్టె మూత తీసి పేరు చూపించేది. నా మూట ఎవరికీ చూపించలేదు. నా కడుపుమంట ఆ పెట్టెతోనే మొదలైంది.

మాది పదిహేడు ఇళ్ళ క్రైస్తవ సంఘం. అప్పట్లో మందిరానికి మట్టిగోడలు, పైన గడ్డి కప్పు. పాస్టరు అయ్యగారు తాండూరులో ఉండేవారు, నెలకు ఒక ఆదివారం సైకిలు మీద వచ్చేవారు. మిగతా ఆదివారాలు వాక్యం చదివేది మా యారాలే. చదవబోయే ముందు కొంగుతో మూతి తుడుచుకొనేది. చదివేటప్పుడు ఆమె గొంతు వేరు. ఇంట్లో “ఉప్పు యాడ వెట్టినవ్ చెల్లె” అని అడిగే గొంతు కాదది. ఆ గొంతు వినగానే మా మామ తలరుమాలు తీసి ఒళ్ళో పెట్టుకొనేవాడు. ఆయన ఇంట్లో ఎవరి మాటకూ తల తిప్పే మనిషి కాదు.

కోతపండుగకు అందరం కొత్త జొన్నలు, కందులు, గుమ్మడికాయలు మందిరంలో పెట్టి ప్రార్థన చేసుకుంటాం. మా దగ్గర దాని తరువాత ఇంకొకటి ఉంది. ఊరికి వచ్చే ఏడు ఏం కావాలో ఒక్కొక్కరు లేచి చెప్పాలి. మా యారాలు పొడుగు నోటుబుక్కులో రాసుకొనేది. మరుసటి ఏటి కోతపండుగకు అవన్నీ చదివి, తీరినదాని పక్కన ఎర్ర పెన్సిలుతో “అయ్యింది” అని రాసేది. గడ్డి తీసి పెంకులు వేయాలని, మంత్రసాని దగ్గరలో ఉండాలని, కరెంటు రావాలని, ఇలా చెప్పేవాళ్ళు. ఒక ముసలాయన ఏటా లేచి, “బస్సు మన కాడ ఒక్కపారి ఆగాలె. నేను ఎక్కకున్నా మంచిదే” అనేవాడు. మగవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వకుండా రాసేది.

“రాస్తే అయితదా?” అని ఎవరో వెక్కిరిస్తే, “రాయకుంటె యాదికుంటదా?” అనేది. ఆ మాట మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు.

ఆమె బోరింగు కావాలంటే నేను లేచి గంట కావాలనేదాన్ని. నాకు గంట మీద ప్రేమేమీ లేదు. ఆమె అడిగింది కాకూడదు, అంతే. ఆమె నా గంటనే ముందు రాసి, తన బోరింగు కింద రాసుకుంది. అయ్యగారు వికారాబాదు జంక్షను నుంచి పాత రైలు పట్టా ముక్క ఒకటి సంపాదించి తెచ్చారు. దాన్ని వేపకొమ్మకు వేలాడదీశారు. నా కోరికే ముందు తీరిందని మూడు రోజులు పనీ పాటా లేకుండా దాన్ని కొట్టాను. చివరికి మా అత్త నా చేతిలోంచి ఇనుప కడ్డీ లాక్కుంది. మా యారాలు మాత్రం, “కొట్టనీయత్తా, గంట ఆమెదే గదా” అంది. ఆ మాటకూ నాకు మండింది. ఓడినవాళ్ళు ఏడవాలి కదా!

ఇక నేను చెప్పాలనుకున్న సంగతి. అది 1969. తెలంగాణ గొడవల్లో మూతపడిన బడులు మళ్ళీ తెరుస్తున్నారు. వికారాబాదు బోర్డింగులో మా సంఘం నుంచి ఒక్క ఆడపిల్లకు చోటు ఉందని అయ్యగారు చెప్పారు. తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్ళే చూస్తారు. ఏ పిల్లను పంపాలో పెద్దలు మా యారాలికే వదిలేశారు. ఆ ఈడు పిల్లలు ఊళ్ళో ఇద్దరే, ఆమె బిడ్డ, నా బిడ్డ. ఇద్దరికీ ఎనిమిదేళ్ళు.

ఆమె ఎవరి పేరు రాస్తుందో ఎవరికీ చెప్పలేదు. నేను అడగలేదు. కానీ ఒక రోజు ఆమె రేకు పెట్టె కడిగి, వాకిట్లో ఎండకు బోర్లించింది. నాకు ఇంకేం కావాలి? తన పెట్టె తన బిడ్డకే సర్దుతోందని తేల్చుకున్నాను. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

మరునాడు ఆమెకు జ్వరం. నేను తాండూరు అంగడికి పోతున్నానని తెలిసి, మడిచిన కాగితం నా చేతిలో పెట్టింది.

“అయ్యగారి చేతికే ఇయ్యి చెల్లె. రేపటికల్ల వికారాబాద్‌కు అందాలెనట. మర్వకు” అంది.

కాగ్నా నదిలో కలిసే వాగు ఒకటి మా దారికి అడ్డం వస్తుంది. అక్కడ ఆగి కాగితం విప్పాను. వరుసగా నల్లటి అక్షరాలు. నాకు ఒక్కటీ రాదు. తాండూరులో ఎవరిని అడిగినా చదివి పెట్టేవాళ్ళు. ఆ మాట కోసం నోరు తెరవడానికి నాకు నామోషీ. నా బిడ్డకు దక్కనిది ఆమె బిడ్డకూ దక్కకూడదనుకున్నాను. కాగితాన్ని వాగులో వదిలాను. అది ఒక రాయి దగ్గర కాసేపు ఆగింది. నేను కాలితో నెట్టాను.

“ఇచ్చినవా చెల్లె?”

“ఇచ్చిన.”

ఆ తరువాతి ఆదివారం అయ్యగారు వచ్చారు. “మీ దగ్గరి నుంచి కాగితం రాలేదమ్మా. ఆ చోటు పక్క ఊరి పిల్లకు పోయింది” అన్నారు. మా యారాలు నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. తరువాత అయ్యగారి వైపు తిరిగి, “నాదే తప్పు అయ్యా. జ్వరంల యాది మర్చిన” అంది. ఆ నెలలోనే రేకు పెట్టె తెచ్చి నా ఇంట్లో పెట్టింది. “మీ ఇంట్ల ఎలుకలున్నయ్ గదా, బట్టలు పెట్టుకో” అంది. నేను గెలిచాననుకొని తీసుకున్నాను.

ఆమె తన బిడ్డకు ఇంట్లోనే చదువు చెప్పింది. “నీ బిడ్డను గూడ తోలియ్యి చెల్లె” అని ఎన్నిసార్లు అడిగిందో. నేను పంపలేదు. ఆమె దగ్గర చదివితే నా బిడ్డ ఆమె బిడ్డ అయిపోతుందని నా ఏడుపు. పదేళ్ళకే పిల్లను మా ఆయన వెంట బండల గనికి తోలాను.

తరువాత కొన్నేళ్ళకు నేను తాండూరు బస్సనుకొని వికారాబాదు బస్సు ఎక్కాను. టికెట్టు కొట్టే ఆయన బస్సంతా వినేటట్టు నవ్వాడు. దిగి నడిచి వచ్చి, చెమటతోనే ఆమె ముందు నిలబడి, “నాకు సదువు చెప్తవా?” అన్నాను. ఎందుకని అడగలేదు. చేతిలో గిన్నె పక్కన పెట్టి సుద్దముక్క తెచ్చింది. అప్పటికి మా మగవాళ్ళు గని నుంచి విరిగిన బండలు తెచ్చి మందిరంలో పరిచారు. ఆ బండలే నాకు పలక. మధ్యాహ్నం పూట ఇద్దరం కింద కూర్చొనేవాళ్ళం. నేను రాసేదాన్ని, ఆమె తడిబట్టతో తుడిచేది. ఆమెకన్నా బాగా చదవాలన్న పంతంతో నేర్చుకున్నాను. ఆ సంగతి ఆమెకు తెలుసు.

అక్షరాలు కూడుకున్నాక నాకు చదవడానికి ఆ నోటుబుక్కే ఇచ్చింది. గంట, బోరింగు, పెంకులు, అన్నీ ఒక్కొక్కటే చదువుతూ పోయాను. ఒక చోట రెండు పుటలు అంటుకొని ఉన్నాయి.

“అండ్ల ఏం లేదు. సిరా వడ్డది. ముందుకు పో” అంది.

వేలితో తడిమితే గరుకుగా తగిలింది. జొన్నగట్క, అదే జొన్నరవ్వ సంకటి, ఎండితే అలాగే ఉంటుంది. నా గురించే ఏదో రాసి దాచిందనుకున్నాను. ఆమె చేనుకు పోయిన రోజు తడిగుడ్డ అద్ది నిదానంగా విప్పాను. ఆమె ఏది రాసినా దానికి ఒక నకలు బుక్కులో ఉంచుతుంది. అది ఆ కాగితం నకలే.

“బోర్డింగుకు మా మరిది బిడ్డను పంపుతున్నాము. నా బిడ్డకు ఇంట్లో చెప్పడానికి నేనున్నాను. ఈ పిల్లకు ఆ వీలు లేదు. వాళ్ళమ్మ తెలివి పిల్లకు వచ్చింది. చదివితే మన సంఘానికి నర్సమ్మ అవుతుంది. పెట్టె కడిగి ఉంచినాను.”

కూడబలుక్కుంటూ మూడుసార్లు చదివాను. నేను చదవడం నేర్చుకున్నాక పూర్తిగా చదివిన మొదటి ఉత్తరం అదే. ఆ పొద్దు నేను ఏడ్చినంత మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఏడుస్తూ కూడా, ఇంత మంచితనం ఈమెకే ఎందుకు పెట్టావు దేవా అని ఓర్వలేకపోయాను. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే సరిసమానం అయ్యేవాళ్ళం. ఆమె నన్ను ఆ ఒడ్డుకు రానివ్వలేదు.

పుటను మళ్ళీ అంటించాలి. ఆ రోజు మా ఇంట్లో గట్క లేదు. అన్నం మెతుకులు మెదిపి అంటించాను.

పది రోజుల తరువాత ఆమె బుక్కు తిరగేస్తూ అక్కడ ఆగింది. బొటనవేలితో తడిమింది. తల ఎత్తకుండా, “మీ ఇంట్ల బియ్యం వండిన్రా చెల్లె?” అంది.

“ఆఁ అక్కా” అన్నాను.

“మంచిగయింది” అని పుట తిప్పింది. ఆ సంగతి మా మధ్య మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నేనే తేవాల్సింది.

ఆ పక్క ఊరి పిల్ల చదువుకొని నిజంగానే మాకు నర్సమ్మగా వచ్చింది. తెల్ల చీరతో సైకిలు దిగినప్పుడల్లా నా కళ్ళు ఆ చీర మీదే ఉండేవి. నా బిడ్డ గనిలో దుమ్ము కొట్టుకొని వచ్చేది. మా యారాలి బిడ్డ పెద్దేముల్‌లో బాలవాడి పంతులమ్మ. పోయిన గురువారం మా యారాలి చేయి పట్టుకొని నాడి చూసింది కూడా ఆ నర్సమ్మే. ఆ చేయి నా బిడ్డ పట్టుకోవాల్సింది.

మొన్న ఆదివారం ఆమె జ్ఞాపకార్థం అందరం కూడాం. అయ్యగారు నోటుబుక్కు నా చేతికిచ్చి, ఆమె రాసినదాంట్లో ఏదైనా చదవమన్నారు. కొంగుతో మూతి తుడుచుకొని, ఆ పుటల నడుమ గోరు దూర్చి విప్పాను. మెతుకులు రాలి బండ మీద పడ్డాయి. మొత్తం చదివాను. కాగితాన్ని వాగులో వదిలింది నేనేనని కూడా చెప్పాను. నా బిడ్డ ముందు వరుసలో, తన ఏడేళ్ళ కూతురిని ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది.

బయటికి వచ్చాక నా ముందు నిలబడింది. “పెద్దమ్మకు ఎరుకేనా?” అంది.

“ఎరుకే బిడ్డా.”

కూతురి చేయి పట్టుకొని, “నా బిడ్డను వికారాబాద్ పంపుత. ఇయ్యాల్నే అయ్యగారితోని కాగితం రాయించుకుంట” అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “నువ్వు తీస్కపోవద్దు. నేనే తీస్కపోత.”

నాకు పడాల్సిన మాటే పడింది.

ఈ పొద్దున నా బిడ్డ వచ్చి నా బట్టలు తీసి మంచం మీద పెట్టి, రేకు పెట్టె పట్టుకుపోయింది. కడిగి, వాకిట్లో ఎండకు పెట్టింది. నేను వెళ్ళేసరికి మనవరాలు మూత ఎత్తి లోపల చూస్తోంది.

“అమ్మమ్మా, గిది ఎవరి పేరు?”

“మీ పెద్దమ్మమ్మది.”

“ఇది గీకి పిల్ల పేరు రాయిపియ్యాల్నా?” అని నా బిడ్డ నన్నే అడిగింది. చేతిలో కొడవలి ముక్క ఉంది. ఇరవై ఏళ్ళ కింద అయితే నేనే లాక్కొని గీకేదాన్ని.

“ఉండనియ్యి. పిల్ల పేరు కింద రాయి” అన్నాను.

తెల్ల రంగు తెచ్చి మనవరాలి పేరు నేనే రాశాను. నా అక్షరాలు కొంచెం వంకర పోయాయి. ఆమెవి ఇన్నేళ్ళయినా తిన్నగా ఉన్నాయి. అక్కడ కూడా ఆమె పేరే పైన.