ఖాళీగా మిగిలిన రెండు వేళ్లు

మా తొమ్మిదేళ్ల శ్రీజ ఒకేసారి మూడు పనులు చెబితే రెండు మరిచిపోతుంది. తెలివి లేక కాదు, వరుసగా గుర్తుంచుకోవడమే దానికి కష్టం. అందుకే లింగంపల్లిలో ప్రత్యేక శిక్షణ ఇచ్చే టీచరు దగ్గరికి తీసుకెళ్తాను. అక్కడ మాత్రం ఒక్కో వేలు పట్టుకుని ఒక్కో పని చెప్పుకుంటూ అన్నీ చేసేస్తుంది. ఇంటికొచ్చాక "మేడం గిట్ల చెప్పింది, గట్ల చెప్పింది" అంటుంటే నా కడుపు మండేది. కన్నది నేనా, ఆవిడా?

పోయిన నెల ఓ సాయంత్రం, పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ కిందున్న కొట్టుకు పంపుతూ "పెరుగు, కొత్తిమీర, అగ్గిపెట్టె" అన్నాను. శ్రీజ వేళ్లు చాపింది.

"ఆ వేళ్ల ముచ్చట మేడం దగ్గరనే ఉంచు. జర నా మాట విని పో" అని కసిరాను.

అరగంటైనా రాలేదు. కిందికి పరుగెత్తాను. కొట్లో లేదు. గేటు బయట ఆఫీసులు వదిలిన కార్ల వరద. "శ్రీజా!" అని అరుస్తూ చుట్టుపక్కలంతా వెతికాను.

చివరికి కొట్టు వెనక మెట్ల మీద, పెరుగు ప్యాకెట్ ఒళ్లో పెట్టుకుని కనిపించింది.

"అమ్మా, ఈ రెండు వేళ్లు ఖాళీగున్నయి. మరిచిపోతే ఉరకొద్దు, ఆగాలని మేడం చెప్పింది. నువ్వొస్తవని ఆగిన" అంది.

మళ్లీ మేడమే! ఆ రెండు వేళ్లూ పట్టుకుని ఏడ్చేశాను.

మర్నాడు ఇదంతా చెబితే టీచరు విని, "నాకోసమైతే ఎప్పుడూ అలా ఆగలేదండీ" అంది.

ఆ గొంతులో కాస్త కుళ్లు వినిపించింది. నా ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందో!

– సువర్ణ, పుప్పాలగూడ