శాంసన్ చెయ్యని నైట్ డ్యూటీలు

నాచారంలో మందుల సీసాలకు ప్లాస్టిక్ మూతలు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుంది. అక్కడ ప్రొడక్షన్ ఇన్‌ఛార్జి శాంసన్ ఎట్లాంటివాడని ఎవరినడిగినా మంచివాడనే చెబుతారు. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, హెల్పరుగా చేరి, ముప్పై ఏళ్లలో ఆ కుర్చీ దాకా వచ్చాడు. బోడుప్పల్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం ఉప్పల్ చర్చిలో పెద్దల వరసలో కూర్చుంటాడు. గొంతు పెంచి ఎవరినీ ఒక మాట అనడు. ఆయన చేసిన పాడు పని కూడా మెత్తగానే చేశాడు, అందుకే ఆరేళ్లు ఎవరికీ కనిపించలేదు.

ఈ నెలాఖరుకు ఆయన రిటైర్మెంట్. ఆ కుర్చీకి లైన్ సూపర్‌వైజర్ రాహేలు పేరు పెట్టింది హెచ్‌ఆర్‌లో కొత్తగా చేరిన మనస్విని. అంతటితో ఊరుకోక, సూపర్‌వైజర్‌ను దాటి ఒక్క ఆడమనిషి కూడా పైకి ఎందుకు రాలేదో చూద్దామని పాత ఫైళ్లు తిరగేసింది. అందులోంచి ఒక కాగితం పట్టుకుని శాంసన్ దగ్గరికి వచ్చింది.

"సార్, ఆరేండ్ల కింద ఇన్‌ఛార్జి పోస్టుకు మీ పేరు, రాహేలక్క పేరు రెండూ పైకి పోయినయి. ఆమె పేరు పక్కన 'నైట్ డ్యూటీ ఈమెతో కాదు, శాంసన్ చెప్పిన ప్రకారం' అని రాసుంది. మీరేనా చెప్పింది?"

"యాదికి లేదమ్మా," అన్నాడు శాంసన్, కాగితం వైపు చూడకుండా.

యాదికి లేకేం? ప్రతి మాటా ఉంది. అప్పట్లో భార్య మరియమ్మ గర్భసంచి ఆపరేషనై దవాఖానాలో పడుకుంది. అప్పుడు ఆయన కూడా సూపర్‌వైజరే, ఆయనకేమో నైట్ షిఫ్టు. సెలవు పెడితే ప్రమోషన్ లిస్టులోంచి తన పేరు ఎగిరిపోతుందని భయం. అప్పుడు రాహేలే అంది, "నువ్వు వదిన కాడ ఉండన్నా. నీ నైట్లు నేను జూస్త."

పగలు తన డ్యూటీ, రాత్రి ఆయన డ్యూటీ. అట్లా పదకొండు రాత్రులు ఆమె మెషిన్ల దగ్గరే ఉంది. మెషిన్ రెండుసార్లు మొరాయిస్తే దగ్గరుండి విప్పించి నడిపించింది. శాంసన్ తెల్లారి వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. రాత్రి పని మస్తుగా నడిచిందని ఓనర్ విక్రమ్ సార్ భుజం తట్టింది శాంసన్‌నే.

ఆ తర్వాతి నెలలో విక్రమ్ సార్ పిలిచి అడిగాడు, రాహేలు నైట్లు చెయ్యగలదా అని. చెయ్యగలదంటే ఎట్లా తెలుసని అడుగుతాడు, తన దొంగ సంతకాలు బయటపడతాయి. పైగా కుర్చీ ఒక్కటే ఉంది.

"పాపం, ఇద్దరు చిన్నపిల్లలు సార్. ఆమెతోని గాదు," అన్నాడు శాంసన్.

అంత జాలి ఎంత సులువుగా నోటికి వచ్చిందో ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు.

కాగితం బయటపడ్డాక మూడు రోజులు అన్నం సహించలేదు. ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో మరియమ్మ, "ప్రభువా, ఈసారన్న మా రాహేలుకు ఆ పోస్టు ఇప్పియ్యి," అని కళ్లు మూసుకుని అడిగింది. ఆమెన్ అనడానికి ఆయనకు సిగ్గేసింది.

నాలుగో రోజు విక్రమ్ సార్ శాంసన్, రాహేలు, మనస్విని ముగ్గురినీ పిలిచాడు. టేబుల్ మీద ఆ కాగితమే ఉంది. నైట్ డ్యూటీ ఈమెతో కాదని రాసుంది కదా, ఇప్పుడెట్లా అన్నాడు. శాంసన్ లేచి నిలబడి అంతా చెప్పేశాడు. రావలసిన డబ్బు ఆపినా, పరువు తీసి పంపినా పడదామనే వచ్చాడు.

విక్రమ్ సార్ నవ్వాడు. "ఇంటి కష్టం ఎవరికి రాదు శాంసన్? ఎన్నడో అయిపోయింది. ఫికర్ జెయ్యకు." తర్వాత రాహేలు వైపు తిరిగాడు. ఇప్పుడు నవ్వు లేదు. "నువ్వెట్ల జేసినవమ్మా గిది? ఒకరి డ్యూటీ ఇంకొకరు, నాకు చెప్పకుంట? రేపు ఇన్‌ఛార్జివైతే నిన్నెట్ల నమ్మాలె?"

నిజం చెబితే తన మీద పడుతుందనుకున్నాడు శాంసన్. అది కూడా వెళ్లి ఆమె మీదే పడింది.

రాహేలు మాత్రం తడబడలేదు. "గదే తప్పుకు ఆయనకు ఇన్‌ఛార్జి పోస్టు ఇచ్చిన్రు సార్. నాకేం ఇస్తరో చెప్పుండ్రి."

మనస్విని రాసుకోవడం ఆపి విక్రమ్ సార్ వైపే చూస్తోంది. ఆయన ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, "రేపటి సంది శాంసన్ కాడ చార్జి తీసుకో," అన్నాడు.

బయట మెట్ల దగ్గర శాంసన్ ఆమెను ఆపాడు. "మాఫ్ జెయ్యి రాహేలూ. పిల్లలు చిన్నోళ్లని గట్ల అన్న..."

రాహేలు నెమ్మదిగానే అడిగింది. "చిన్నోళ్లే అన్నా. ఆ పదకొండు రాత్రులు వాళ్లు ఎవరి కాడ పండుకున్నరో ఒక్కనాడన్న అడిగినవా?"

అడగలేదు. ఆరేళ్లలో ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ముఖం చెల్లలేదు.