పుంగనూరు రోడ్డు మీద పదకొండు సైకిళ్ళు

1996 జూన్‌లో నేను మదనపల్లె బస్సు డిపోలో సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పని చేస్తున్నాను. చాలా ఏళ్ళు ప్రమాదం లేకుండా నడిపిన డ్రైవర్లలోంచి ఒకరిని ఏరి ఆ కుర్చీలో కూర్చోబెడతారు. కొత్తగా చేరిన డ్రైవరు పక్కన కూర్చుని లైను మీద నేర్పించడం, బస్సును ఎక్కడైనా తగిలించుకుని వచ్చినవాడికి మళ్ళీ పరీక్ష పెట్టడం, వాడికి స్టీరింగ్ ఇవ్వవచ్చో లేదో రాసి డిపో మేనేజరుకు పంపడం నా పని. ఇరవై టన్నుల లారీ ఎదురొచ్చినా చెయ్యి వణకనివాడు నేను పెన్ను తీస్తే వణికేవాడు. ఆ సంగతి నాకు తెలుసు, కొంచెం ఇష్టంగా కూడా ఉండేది.

ఒక రోజు మేనేజరు గారు పిలిచి ఆరోగ్య శాఖ నుంచి వచ్చిన ఒక కాగితం చూపించారు. పుంగనూరు చుట్టుపక్కల పల్లెలు తిరిగే ఏఎన్ఎంలకు, అంటే సూదిమందులు వేసి బాలింతల్ని చూసుకునే నర్సమ్మలకు, లేడీస్ సైకిళ్ళు ఇచ్చారట. మొత్తం పదకొండు మంది. హైస్కూలు డ్రిల్లు మాస్టరు గ్రౌండులో బ్యాలెన్సు నేర్పించాడు. గ్రౌండు దాటి రోడ్డెక్కమంటే మాత్రం ఎవరూ ఎక్కడం లేదు. రోడ్డు తెలిసిన మనిషిని పది రోజులు పంపించమని అడిగారు.

"సార్, నేను బస్సు నేర్పించేవాణ్ణి" అన్నాను.

"రోడ్డు ఒకటే కదప్పా కిష్టప్పా. పోయిరా" అన్నారాయన.

సరేనన్నాను. ఆయనకు చెప్పని మాట ఒకటి ఉంది. నాకు సైకిలు తొక్కడం రాదు. గుడుపల్లె దగ్గర మా ఊళ్ళో మా ఇంట్లో సైకిలు ఉండేది కాదు. వయసు రాగానే లారీ క్లీనరుగా ఎక్కి, అటునుంచి అటే స్టీరింగు ముందుకు వచ్చాను. మధ్యలో రెండు చక్రాల అవసరం పడలేదు. డ్రైవింగు లైసెన్సు పరీక్షలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

మరుసటి రోజు మొదటి బస్సుకు పుంగనూరు దిగాను. హైస్కూలు గదిలో నల్లబల్ల మీద రోడ్డు బొమ్మ వేసి, డ్రైవర్లకు చెప్పినట్టే మొదలుపెట్టాను. పక్కకు తిరిగే ముందు అద్దంలో చూడాలి అన్నాను. ముందు బెంచీలో ఉన్న నాగరత్నమ్మ చెయ్యెత్తింది. యాభైకి దగ్గర పడిన మనిషి, అందరిలోకీ సీనియరు. ఎన్ని కాన్పులు చేసిందో ఆమెకే లెక్క తెలియదు.

"అద్దం యాడుంది సార్?" అని అడిగింది.

సైకిలుకు అద్దం ఉండదు. తల తిప్పి వెనక్కి చూడాలి అని దిద్దుకున్నాను. గ్రౌండులోకి తీసుకుపోయి ఆ పాఠమే చేయించాను. తల ఎటు తిరిగితే హ్యాండిలు అటే తిరిగింది. ఒకామె గోలుపోస్టులోకి పోయింది, ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని నెమ్మదిగా కూలబడ్డారు. భుజం కదలకుండా మెడ మాత్రమే తిప్పమని అరుస్తూ మూడు రోజులు గడిపాను. ఆ మూడు రోజులూ నా చేతిలో విజిలు ఉంది కాబట్టి నన్నెవరూ సైకిలెక్కమని అడగలేదు.

నాలుగో రోజు మదనపల్లె రోడ్డు మీదికి తీసుకుపోయాను. కల్వర్టు దగ్గర నేను నిలబడ్డాను. వాళ్ళు ఒకరి వెనుక ఒకరు నా వైపు రావాలి. వచ్చారు. తారు మీద కాదు, తారు పక్కన ఉండే మట్టి అంచు మీద. మేము దాన్ని మార్జిన్ అంటాం. కంకర, తుమ్మముళ్ళు, కిలోమీటరు రాళ్ళు, కట్టేసిన పొట్టి ఆవులు అన్నీ దాని మీదే ఉంటాయి. దూరాన హారన్ వినపడితే చాలు, పదకొండు మందీ దిగి సైకిళ్ళు పట్టుకుని నిలబడేవాళ్ళు. బస్సులో జనం ఎవరో మంత్రి వస్తున్నాడనుకుని తలలు బయట పెట్టి చూసేవాళ్ళు.

మార్జిన్ మంచిది కాదని వాళ్ళను కూర్చోబెట్టి చెప్పాను. కల్వర్టు దగ్గర ఆ మట్టి అయిపోతుంది. అప్పుడు ఉన్నట్టుండి తారు మీదికి ఎక్కాలి. డ్రైవరు భయపడేది ఆ సైకిలుకే. అంచు నుంచి ఒక మూర లోపలికి, తారు మీద తిన్నగా పోయే సైకిలు మాకు దూరం నుంచే కనపడుతుంది, దాన్ని తప్పించి పోతాం. నేను చెప్పింది నిజమే. అందరూ తలలూపారు. మళ్ళీ మార్జిన్ మీదే వచ్చారు.

మూడోసారి కూడా అట్లే అయ్యాక నాగరత్నమ్మ సైకిలు దిగి నా ముందు నిలబెట్టింది.

"సార్, మీరు బస్సులో కూసోని సూసింది చెప్తాండారు. ఒకతూరి దీని మీద కూసోని, ఆ తారు మీద పోయి సూపించండి. మేం మీ ఎనకాలే వస్తాం."

మోకాలు నొప్పి అన్నాను. నర్సులతో చెప్పకూడని అబద్ధం అది. ఆమె అక్కడికక్కడే కూర్చుని నా మోకాలు పట్టుకుని వంచింది, చాపింది, పక్కలకు నొక్కింది. ఇంకో ఇద్దరు వచ్చి రెండో మోకాలు చూశారు.

"వాపు లేదు, నీరు లేదు. మోకాలు బాగుండాది సార్" అని తేల్చింది నాగరత్నమ్మ.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. నాకు సైకిలు రాదమ్మా అని చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. రోగి అసలు జబ్బు ఒప్పుకున్నప్పుడు చూసే చూపు చూశారు.

"రేపు ఐదున్నరకు గ్రౌండుకు రాండి. మా డ్యూటీ టైముకు ముందే అయిపోవల్ల" అంది ఆమె.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా పుంగనూరులోనే తెలిసినవాళ్ళ దగ్గర ఉండిపోయాను. పొద్దున పోకపోతే విషయం డిపోకు చేరుతుంది. చేరితే నా పెన్నుకు ఎవరూ భయపడరు. ఆ ఒక్క కారణంతోనే పోయాను.

నలభై ఆరేళ్ళ వయసులో లేడీస్ సైకిలు మీద ఎక్కాను. వెనుక ఇద్దరు సీటు పట్టుకున్నారు, మిగతావాళ్ళు నా మాటలే నాకు అప్పజెప్పారు. "భుజం కదపొద్దు సార్, మెడ తిప్పండి సార్." నేను కూడా గోలుపోస్టులోకే పోయాను. మోచేయి గీరుకుంటే పదకొండు సంచులూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఒకరు టింక్చరు, ఒకరు దూది, ఒకరు కట్టు. టీటీ సూది ఒక్కటే వేయించుకున్నాను గానీ వేస్తామని ముందుకొచ్చినవాళ్ళు నలుగురు. మూడో పొద్దుకు పడకుండా గ్రౌండు చుట్టూ తిరిగాను.

ఆ ఏడో రోజే, నాకొక అద్దె సైకిలు తెచ్చి, అందరం రోడ్డెక్కాం. నేను ముందు, నా వెనుక నాగరత్నమ్మ, తర్వాత మిగతావాళ్ళు, తారు మీద, అంచుకు ఒక మూర లోపల. నేను తిన్నగా పోతున్నానని వాళ్ళూ తిన్నగా వచ్చారు. ఫర్లాంగు దూరం బాగానే సాగింది. అప్పుడు వెనుక నుంచి బస్సు వచ్చి హారన్ కొట్టింది.

ఇరవై ఏళ్ళు ఆ హారన్ నేనే కొట్టాను. దాని వెనుక కూర్చున్నవాడికి అది బస్సు ముందు వినపడే శబ్దం. సైకిలు మీద ఉన్నవాడికి వెన్నుపూసలో వినపడుతుంది. నాకు బ్రేకు, పెడలు, నేను చెప్పిన పాఠం ఏవీ గుర్తు రాలేదు. మార్జిన్ దాటి, కాలువ దాటి, టమాటా తోటలోకి పోయి కర్రలతో సహా రెండు సాళ్ళు పడగొట్టి ఆగాను. పైకి చూస్తే పది సైకిళ్ళు, వాటి ముందు నాగరత్నమ్మ సైకిలు, తారు మీద గీత గీసినట్టు పోతున్నాయి. ఆమె మెడ మాత్రమే తిప్పి నన్ను చూసింది.

బస్సు ఆగింది. మా డిపో బస్సే. డ్రైవరు మస్తాను. రెండేళ్ళ కిందట నా దగ్గర నేర్చుకున్నవాడు. పరుగున దిగి వచ్చాడు.

"సార్, మీరా? దెబ్బ తగిలిందా సార్?"

"యాల అట్ల కొట్టినావు హారన్?" అన్నాను, మట్టి దులుపుకుంటూ.

వాడు బిత్తరపోయాడు. "మీరు చెప్పినట్టే కొట్టినాను సార్. సైకిలు కనపడితే దగ్గరికి పోయి గట్టిగా కొట్టమని మీరే కదా చెప్పింది."

నేనే చెప్పాను. ప్రతి కొత్త డ్రైవరుకూ చెప్పాను. బస్సు కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. మస్తాను చేయి ఇచ్చి లేపాడు. తోట రైతు వచ్చాడు. నర్సమ్మలు తిరిగి వచ్చి, ఆయన మనవరాలిని ఈ లోకంలోకి తెచ్చింది తామేనని గుర్తు చేశారు. ఆయన నష్టం డబ్బు అడగకుండా కర్రలు నిలబెట్టుకోవడానికి పోయాడు. నేను కూడా పోయి రెండు సాళ్ళూ కట్టి వచ్చాను.

ఆ సాయంత్రం మేనేజరు గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, ఏం కావాలో అడిగారు. ఖాళీ బస్సు, మస్తాను, ఒక పొద్దు అని చెప్పాను.

పదో రోజు పుంగనూరు శివారులో తారు మీద సున్నంతో గీతలు గీశాం. సైకిళ్ళు అంచు పక్కన పోతుంటే, మస్తాను బస్సును ముందు ఒక గీత మీద, తర్వాత ఇంకొంచెం దూరపు గీత మీద తీసుకుపోయాడు. ప్రతిసారీ హ్యాండిలు వణికిందా లేదా అని నేను అడిగి రాసుకున్నాను. మొదటి గీతకు అందరూ వణికారు, నాతో కలిపి. ఒక మనిషి రెండు చేతులూ చాపినంత ఎడం వచ్చేసరికి వణుకు ఆగింది. హారన్ దూరం నుంచి ఒకసారి చిన్నగా కొట్టి, బస్సు వేగం తగ్గించి వస్తే ఎవరూ మార్జిన్‌లోకి దిగలేదు.

"ఇట్లయితే మదనపల్లె దాకా పోయొస్తాం సార్" అంది నాగరత్నమ్మ. మరుసటి వారం నిజంగానే పోయొచ్చారు. ఆమె దారిలో రెండు టీకాలు కూడా వేసిందట.

2001లో నన్ను కుప్పం డిపోకు బదిలీ చేశారు. అక్కడ కొత్త డ్రైవర్లకు స్టీరింగ్ ఇచ్చే ముందు ఒక పొద్దు సైకిలు ఇచ్చి గుడుపల్లె రోడ్డు మీద తారు మీదే తొక్కమనేవాణ్ణి. వెనుక బస్సు వస్తుంది. ఆ పద్ధతి ఏ సర్క్యులరులోనూ లేదు. డ్రైవర్లు గొణిగేవాళ్ళు, యూనియన్ ఒకసారి అడిగింది కూడా.

ఒకడు కాలువలోంచి తడిసి లేచి వచ్చి నా ముందు నిలబడ్డాడు. లారీల మీద పదేళ్ళు చేసి వచ్చిన మనిషి.

"సార్, మనం ఇంత దగ్గరగా పోతామా?" అన్నాడు.

"పోతాం" అన్నాను.

ఆ రోజే అతనికి స్టీరింగ్ ఇవ్వవచ్చని రాశాను. రోడ్డు మీద ఎదుటివాడు ఎందుకు బెదురుతాడో తెలియకుండా నేను ఇరవై ఏళ్ళు బస్సు నడిపాను, కొన్నేళ్ళు నేర్పించాను. ప్రమాదం జరగలేదంటే అది నా పనితనం కాదు. చాలామంది సైకిలువాళ్ళు నాకు భయపడి ముందే మార్జిన్‌లోకి దిగిపోయారు.