కూత తెగినాక

మా డ్రిల్లు సారు పోయారని మొన్న పొద్దున మట్టెవాడ చాయ్ హోటల్లో తెలిసింది. చెప్పినతను "మంచి మనిషి, పాపం" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా ఆయన్ని ఒక మాట అడగాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఆయన ఆగలేదు.

డెబ్బయ్యో దశకంలో మా బడి కబడ్డీ జట్టులో పట్టు పట్టడంలో నన్ను మించినవాడు లేడు. ఆటకు ముందు సున్నం గీతలు సారే గీసేవారు, ఇంకెవరినీ ముట్టనిచ్చేవారు కాదు. ఎవడైనా పళ్లు కొరుకుతూ కూతకు పోబోతే వెనక్కి పిలిచేవారు. "కోపం ముందుగాల ఊపిరిని తింటదిరా, అటెన్క ఆటను తింటది" అనేవారు.

వర్ధన్నపేట దగ్గరి ఒక ఊరి జట్టుతో ఆట. వాళ్లలో ఒకడు రెండుసార్లు నన్ను తాకి, గీత దాటి, నవ్వుకుంటూ పోయాడు. మూడోసారి దొరికాడు. కూత తెగింది, విజిల్ మోగింది, వాడు ఔటు. అక్కడితో వదిలేయాలి. నేను వాణ్ని ఎత్తి నేలకేసి కొట్టాను. కుడి భుజం ఎముక విరిగింది. జనం ఈలలు వేశారు. మావాళ్లు నన్ను ఎత్తుకుని ఊరేగించారు.

తెల్లారి సారు జిల్లా జట్టుకు పంపే పేర్లలో నా పేరు కొట్టేశారు.

"ఆటన్నంక దెబ్బలు తగుల్తయి గద సార్."

"తగల్లే. నువ్వు తగిలిచ్చినవ్. విజిల్‌కు ముందటిది ఆట, ఎన్కటిది కసి."

అంతటితో వదిలారా? ఆయనకో పద్ధతి ఉండేది. కసితో ఎవణ్ని పడగొడితే, వాడు లేచేదాకా వాడి పని నువ్వు చెయ్యాలి. నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఆ ఊరికి తీసుకుపోయారు. నాట్ల కాలం. నెల రోజులు వాడి నాగలి నేను పట్టాను. వాడు కట్టు కట్టిన చేతితో గట్టు మీద కూర్చుని, "లోతుకు దున్నరాదే" అని నవ్వేవాడు. వాళ్లమ్మ కొడుకు సద్దిలోంచే నాకూ ఇంత పెట్టి "తిను బిడ్డా" అనేది. తలొంచుకుని తినేవాణ్ని.

ఆదివారం సారు వచ్చి వాడి పక్కనే కూర్చునేవారు.

"వీన్ని కొట్టబుద్ధైతాందా?"

"అయితాంది సార్."

"కానియ్. నాగలి ఇడువకు."

జిల్లా జట్టు నేను లేకుండానే పోయింది. నాకు మళ్లీ పిలుపు రాలేదు. ఒక్క తప్పుకు అంత శిక్షా సార్ అని అడగాలనుకున్నాను. ఆయన చేసింది న్యాయమేనని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోతుందా?

అంతిమయాత్రలో మా పాత ఆటగాడొకడు, "మనకు కసి నేర్పిందే సారు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నోరు ముయ్యి. జిందగంతా ఆ కసి మీదనే కొట్లాడిండు ఆయన" అన్నాను. చెయ్యి వాడి కాలరు దాకా పోయి ఆగింది.

అప్పుడు ముందు నుంచి ఎవరో పిలిచారు. పాడె మోస్తున్న నలుగురిలో ఆ వర్ధన్నపేట వాడున్నాడు. జుట్టు పలచబడింది, మొహం అదే.

"అన్నా, జర నువ్వు పట్టు. ఈ బుజం ఎక్కువసేపు మొయ్యది."

పట్టాను. దారిలో ముగ్గురు వచ్చి మార్చుకుంటామన్నారు. ఎవరికీ ఇవ్వలేదు. వాడు ఎడమ చేత్తో కుడి భుజం ఒత్తుకుంటూ చివరిదాకా నా పక్కనే నడిచాడు.